దారం బిగువు

మా అమ్మ వీరవేణి లేసు అల్లేది.
అల్లిక చూసి ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్పేదాన్ని నేను.
గళ్ళు వదులుగా, ఒక్కలాగే ఉంటే
బడికి వెళ్ళొచ్చు.
గళ్ళు బిగిసి, పువ్వు మీద పువ్వెక్కి
నమూనా కాయితంలో లేని నెమళ్ళు దిగితే
తమ్ముణ్ణి చంటమ్మత్త ఇంట్లో పడుకోబెట్టాలి.
కొక్కెం సూది దారపుండలోనే గుచ్చి ఉండిపోతే
బియ్యం నేనే కడగాలి.

తొమ్మిదేళ్ళు నాకు.
ఎక్కాలు పదమూడు దగ్గర ఆగిపోయేవిగానీ
మెట్టు మీద చెప్పులు విడిచిన చప్పుడుకే
ఇవాళ వచ్చింది ఏ అమ్మో తెలిసిపోయేది.

ఆ శ్రావణంలో నాలుగు రాత్రులు ఆమె పడుకోలేదు.
ఏజెంటు దగ్గర అప్పు మీద నలభై ఉండల దారం తెచ్చి
"వశిష్ఠకి అంచు కుడదామే,
ఈ రేవు కాణ్ణించి ఆ రేవు దాకా" అంది.
నేను నమ్మాను.
భయపడ్డానని చెప్పడం తేలిక. ముందు నమ్మాను.
అంత పెద్ద పనికి నన్నెవరూ పిలవలేదు మరి.
అర్ధరాత్రి బల్బు కింద
ఆమె వేళ్ళు కనపడేవి కావు, అంత జోరు.
నవ్విందంటే పక్కింటి కుక్క లేచేది.

తెల్లారి సఖినేటిపల్లి పంటు మీద
ఆరు నెలల కష్టం, బల్లగుడ్డలన్నీ విప్పి
ఎక్కినవాళ్ళకల్లా భుజాల మీద కప్పింది.
టిక్కెట్లు కోసే కుర్రాడికి,
కొబ్బరికాయల బస్తాలకి,
ఎవరిదో మేకకి.
జనం నవ్వారు. కొందరు మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు.
నర్సాపురం ఒడ్డు వచ్చేలోపల
ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను:
"అది మాదండి. ఇచ్చెయ్యండి."
మేక ఒక్కటే ఇవ్వలేదు. అప్పటికే అంచు నమిలేసింది.

తరవాత నెలలన్నీ
గోడవైపు తిరిగిన ఒక వీపు.
ఆ వీపుకి నా మార్కులు చదివి వినిపించాను.
నాన్న త్రిమూర్తులు రొయ్యల చెరువు కాపలా.
ఏరియేటర్ల హోరులో ఇల్లు వినపడని ఉద్యోగం.
అడిగినవాళ్ళకి నేనే చెప్పేదాన్ని,
"ఆయ్, అమ్మకి జొరమండి."
ఒక్క ఏడాదిలో ఎన్ని జొరాలు తెప్పించానో మా అమ్మకి.

తమ్ముడు ఇప్పుడంటాడు,
"అమ్మ బానే ఉండేదిగా అక్కా."
ఆ బానే ఉండటం
నేను అల్లిందేరా, ముడి పైకి కనపడకుండా.
అనను. అన్నం పెడతాను.

జబ్బుకి పేరుందని భీమవరం డాక్టరు చెప్పేసరికి
నాకు పంతొమ్మిది.
మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష, మంచినీళ్ళు బాగా తాగాలి.
నాకెందుకో చిన్నతనమనిపించింది.
నేనొక్కదాన్నే నేర్చుకున్నాననుకున్న చదువంతా
అప్పటికే పుస్తకాల్లో ఉందట.

నా లోపల ఏముందో చదవడం మాత్రం
ఎవరూ నేర్పలేదు.
మొన్న ఒక చీర కొనుక్కున్నాను.
ఇంటికొస్తూ కూనిరాగం వచ్చింది నోటికి.
ఠక్కున ఆపి లెక్కేసుకున్నాను:
రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను,
ఎంత ఖర్చుపెట్టాను,
మరీ గబగబా మాట్లాడుతున్నానా?
నాకు సంతోషం
గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషి. కూర్చోమనడానికి ధైర్యం చాలదు.

అమ్మ చేతులిప్పుడు సన్నగా వణుకుతాయి.
గళ్ళు వంకర. ఏజెంటు తీసుకోడు.
నా కూతురి గౌనుకి కాలరు అల్లుతోంది అరుగు మీద.
వాన మొదలైంది.
పిల్ల వాకిట్లోకి ఉరికి, బకెట్టు నెత్తిన బోర్లించుకుని
కేకలేస్తోంది, గెంతుతోంది, కారణమేమీ లేదు.
నా చెయ్యి లేచింది, ఆపడానికి.

"వదిలెయ్యవే" అంది అమ్మ, సూది మీంచి చూపు తియ్యకుండా.
"దానికేం లేదు. అది ఉత్తి సంతోషం."
"నీకెలా తెలుసు?"
"నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తాదే?
ఇదిగో, ఈ గడి బిగిసిందేమో చూడు."

చూశాను.
అలవాటు కొద్దీ
గడి వంక కాదు.